సాటి

తెలుగులో సాటి అనే మాట రెండు చోట్ల గట్టిగా పలుకుతుంది. ఒకరిని ఆకాశానికెత్తేటప్పుడు ఆయనకు సాటి లేరంటాం, ఆయనకు ఆయనే సాటి అంటాం. ఒకరిని నేలకు తొక్కడం చూసి కడుపు మండినప్పుడు, సాటి మనిషిని ఇలాగా చూసేది అని నిలదీస్తాం. పొగడ్తలో సాటిని లేదనిపించి పెద్దవాణ్ణి చేస్తాం. నిలదీతలో సాటిని గుర్తుచేసి, కిందికి నెట్టినవాణ్ణి మళ్ళీ పైకి తెస్తాం. మరో సంగతి కూడా గమనించాలి. అంతా సవ్యంగా ఉన్న రోజున ఎవరూ సాటి మనిషి అనరు. ఆ సాటితనానికి దెబ్బ తగిలిన రోజునే ఆ మాట నోటికొస్తుంది.

దీనికి చుట్టాలైన మాటలు చాలానే ఉన్నాయి. ఈడు వయసుకు సంబంధించింది. ఉజ్జీ బలానికి సంబంధించింది, అందుకే ఆటలో, పందెంలో సమ ఉజ్జీలంటాం. దీటు ఎదురునిలిచే శక్తిని చెబుతుంది. తోటి పక్కన ఉండటాన్ని చెబుతుంది: తోటి ప్రయాణికుడు, తోటి ఉద్యోగి. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన ఇద్దరూ తోటివాళ్ళవుతారు, అందుకు ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. సాటి అలా కాదు. అది విలువను తూచే మాట. ఒకరు నాకు సాటి కావాలంటే నా విలువా వారి విలువా ఒకటేనని ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకునేది ఎవరు? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే. అమెరికాలో నల్లజాతివారి ప్రాణాలు తరతరాలుగా ఆ ప్రశ్న మీదే వేలాడాయి.

జ్యూరీ విచారణకు ఇంగ్లీషు సంప్రదాయం చెప్పే నిర్వచనం సాటివారి తీర్పు. జ్యూరీ మాటకు మూలం లాటిన్‌లో ప్రమాణం చేయడం అనే అర్థమున్న జూరారే. అంటే జ్యూరీ సభ్యులు ప్రమాణం చేసినవారు. ఇది మనకు కొత్త కాదు. కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయమంటే అబద్ధమాడినవాడు వెనకాడతాడని చిత్తూరు సీమ ఇప్పటికీ నమ్ముతుంది. జ్యూరీ చెప్పే తీర్పును ఇంగ్లీషులో వర్డిక్ట్ అంటారు. నిజంగా పలికినది అని దాని మూలార్థం. తెలుగు తీర్పు వేరే దారిలో వచ్చింది. దాహం తీరినట్టు, బాకీ తీరినట్టు, తగువు తీరడం తీర్పు. ఇంగ్లీషు మాట సత్యాన్ని ఆశిస్తుంది, తెలుగు మాట ముగింపును ఆశిస్తుంది. ప్రమాణం మొదట, సత్యం చివర ఉంటే, ఆ రెంటి నడుమ ఉన్నది సాటి. నడుమనున్న ఆ మాట తప్పితే ప్రమాణం వట్టి మాటవుతుంది, సత్యం గది బయటే నిలబడుతుంది.

సాటివారికి ఇంగ్లీషు మాట పీర్. సమానం అనే అర్థమున్న లాటిన్ పార్ నుంచి వచ్చింది. విచిత్రమేమంటే ఇంగ్లీషు పీర్‌కూ మన సాటికీ నడక ఒకటే. సాటిలేని అనడానికి వాళ్ళూ పీర్‌లెస్ అంటారు. పైగా సమానుడనే ఈ మాటే ఇంగ్లండులో ప్రభువుకు బిరుదైంది. ప్రభువుల సభలో కూర్చునేవాడు పీర్. సమానత్వాన్ని చెప్పే మాట పుట్టుకలోనే పెద్దరికాన్ని మోసింది.

చరిత్ర దీనికి సాక్ష్యం. 1215 జూన్‌లో రన్నిమీడ్ మైదానంలో జాన్ రాజు చేత బేరన్లనే ప్రభువులు ఒప్పించుకున్న మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలో ఈ మాట ఉంది. స్వేచ్ఛ గల మనిషిని సాటివారి న్యాయమైన తీర్పు వల్లనో, దేశపు చట్టం వల్లనో తప్ప పట్టరాదు, చెరలో వేయరాదు అని అందులోని 39వ నిబంధన సారాంశం. బేరన్‌ను బేరన్లే విచారించాలి గాని రాజు తాబేదార్లు కాదు అన్నదే ఆనాటి పట్టుదల. ఆ రోజుల్లో ఇంగ్లండు పల్లెల్లో చాలామంది భూస్వామికి కట్టుబడిన రైతులు. స్వేచ్ఛ గల మనిషి అనే మాటలో వాళ్ళకు చోటు లేదు. అదే 1215లో రోములో జరిగిన లాటరన్ మహాసభ, నిప్పుతోనూ నీటితోనూ చేసే దివ్యపరీక్షల్లో మతగురువులు పాల్గొనరాదని ఆంక్ష పెట్టింది. దివ్యం పోయిన చోటికి పన్నెండుమంది మనుషులు వచ్చారు. దేవుడు చెప్పవలసిన నిజాన్ని ఇరుగుపొరుగు చెప్పడం మొదలైంది. ప్రభువులు మాత్రం తమ సాటిని తమ దగ్గరే ఉంచుకున్నారు. పెద్ద నేరం మోపితే ప్రభువును ప్రభువుల సభే విచారించే పద్ధతి 1948 దాకా సాగింది. చివరిసారి అలా విచారణకు నిలిచినవాడు లార్డ్ డి క్లిఫర్డ్, 1935 డిసెంబరులో. కారు ప్రమాదంలో ఒకరి చావుకు కారకుడని అభియోగం. సాటి ప్రభువులు ఆయన్ను నిర్దోషి అన్నారు. ఈ 1935ను పాఠకులు గుర్తుంచుకోవాలి.

సాటిని గురించి ఇంగ్లండు ఒక మంచి ఆలోచన కూడా చేసింది. పరదేశి ఎవరైనా కోర్టుకెక్కితే జ్యూరీలో సగం మంది ఆ దేశపువారు, సగం మంది పరదేశీయులు ఉండేవారు. లాటిన్‌లో దాని పేరు డి మెడియెటేట్ లింగ్వే, అంటే నాలుకలో సగం, భాషలో సగం అని. 1354 నాటి చట్టం దీన్ని పరదేశీయులందరి హక్కుగా గుర్తించింది. 1870లో రద్దయ్యేదాకా అది బతికే ఉంది. ఆ పేరు చూడండి. సాటితనాన్ని రక్తంతో కాక నాలుకతో కొలిచారు. నా మాట తెలిసినవాడు, నేను ఏ బెదురులో ఏ మాటన్నానో పోల్చుకోగలవాడు ఆ పన్నెండుమందిలో కొందరైనా ఉండాలన్నది దాని సారం. అన్యదేశంలో ఒంటరిగా నిలబడ్డ బలహీనుడికి ఆ హక్కు ఒక ఆసరా.

ఆ ఆసరాను మన దేశానికి తెచ్చి తలకిందులు చేశారు. 1826 నాటి చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి సుప్రీం కోర్టుల జ్యూరీల్లోకి భారతీయులను రానిచ్చింది. కానీ నిందితుడు క్రైస్తవుడైతే జ్యూరీ అంతా క్రైస్తవులే కావాలంది. హిందువులనూ ముస్లింలనూ విచారించడానికి క్రైస్తవులు పనికొస్తారు, క్రైస్తవుణ్ణి విచారించడానికి హిందువులూ ముస్లింలూ పనికిరారు. రామ్మోహన్ రాయ్ దీన్ని గట్టిగా ఎదిరించాడు, 1832లో ఆ అడ్డు తొలగింది. ఆ తర్వాత అర్ధశతాబ్దానికి, 1883లో, కోర్ట్నీ ఇల్బర్ట్ తెచ్చిన బిల్లు జిల్లాల్లోని భారతీయ న్యాయాధికారులకు ఐరోపావారిని విచారించే అధికారం ఇవ్వబోయింది. దేశంలోని తెల్లవాళ్ళంతా భగ్గుమన్నారు. వైస్రాయ్ రిప్పన్ వెనక్కి తగ్గాడు. 1884లో చట్టమైన రాజీ ప్రకారం, ఐరోపా నిందితుడు కోరితే సగానికి తక్కువ కాకుండా ఐరోపావారో అమెరికావారో ఉన్న జ్యూరీ ముందు విచారణ జరగాలి.

సగం సగం అనే పాత నియమమే ఇది. కాని ఇంగ్లండులో అది పరాయివాడికి రక్ష, ఇక్కడ ఏలేవాడికి కవచం. బ్రిటిష్ ఇండియా అంతటా అదే చట్టం కాబట్టి, మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో ఒక రైతును ఒక దొర కొట్టి చంపినా, ఆ దొరకు సాటి మరో దొరే. రైతుకు సాటి ఎవరు అన్న ప్రశ్నను చట్టం అడగనే లేదు. తోట కూలీలను, ఇంటి పనివాళ్ళను చావగొట్టిన తెల్ల యజమానులు చిన్నపాటి శిక్షలతో బయటపడటం ఆనాటి భారతీయ పత్రికల్లో ఆగకుండా వినిపించిన ఫిర్యాదు. ఈ వివక్షలను పూర్తిగా తుడిచిపెట్టడానికి 1949లో ప్రత్యేకంగా ఒక చట్టం చేయవలసి వచ్చింది.

అమెరికా కథ ఇంతకంటే లోతుగా కోస్తుంది, ఎందుకంటే అక్కడ చట్టం మాట మార్చుకుంటూ వచ్చింది. అంతర్యుద్ధం ముగిశాక, 1868లో పద్నాలుగో రాజ్యాంగ సవరణ అందరికీ చట్టపు సమరక్షణ ఇచ్చింది. అయినా పశ్చిమ వర్జీనియా చట్టంలో జ్యూరీ అర్హత తెల్ల మగవారికే అని ఉంది. ఒకప్పుడు బానిసగా బతికిన టేలర్ స్ట్రాడర్ అనే వడ్రంగి తన హత్య కేసులో దాన్ని ప్రశ్నించాడు. 1880లో సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. జాతి కారణంగా మనుషుల్ని జ్యూరీ నుంచి తీసేయడమంటే వాళ్ళ నుదుట చట్టమే తక్కువవాళ్ళని ముద్ర వేయడమని తేల్చింది. అదే తీర్పులో, మగవారికి మాత్రమే పరిమితం చేయడం, ఆస్తినో చదువునో అర్హతగా పెట్టడం రాష్ట్రాల ఇష్టమని కూడా చెప్పింది. తలుపు తెరిచిన చేత్తోనే పక్కన కిటికీ వదిలింది.

దక్షిణాది రాష్ట్రాలు ఆ కిటికీలోంచే నడిచాయి. చట్టంలో తెల్ల అనే మాట పోయింది, మంచి అనే మాట వచ్చింది. అలబామా చట్టం ప్రకారం జ్యూరీ జాబితాలోకి ఎక్కేవాడు నిజాయితీ, తెలివి గలవాడని పేరున్నవాడై ఉండాలి. సద్వర్తనం, సరైన వివేకం గలవాడని ఊరు గౌరవించేవాడై ఉండాలి. చదవడానికి ఎంత ముచ్చటైన మాటలు! వీటికి తెలుగులో ఒక్క మాట సరిపోతుంది: పెద్దమనుషులు. మన పల్లెల్లో తగువు పడితే పెద్దమనుషుల్లో పెట్టేవారు. ఆ పెద్దమనుషులు ఏ వాడ నుంచి వచ్చేవారో, ఏ వాడ నుంచి ఎన్నడూ రాలేదో తెలుగు పాఠకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మన జాతి అనే మాటలో కులమూ ఉంది, వర్ణమూ ఉంది. మంచి అనే మాటకు గజకొలత ఉండదు కాబట్టి దాని చాటున లిఖితచట్టం సాటి అనే మాటను దాటగలిగింది. మంచివాడు ఎవరో నిర్ణయించే జ్యూరీ కమిషనర్లకు, నల్లవారిలో మంచివాడు ఒక్కడూ కనిపించలేదు. అదీ ఒకటి రెండేళ్ళు కాదు, తరాల తరబడి.

1931 మార్చి 25న అలబామాలో ఒక గూడ్సు రైలును పెయింట్ రాక్ దగ్గర ఆపి తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్ళను దించారు. పన్నెండు పదమూడేళ్ళ పిల్లవాడి నుంచి ఇరవయ్యేళ్ళ యువకుడి వరకూ ఉన్నారు వాళ్ళలో. అదే రైల్లో ఉన్న ఇద్దరు తెల్ల యువతులను చెరిచారని నేరం మోపారు. స్కాట్స్‌బరోలో విచారణ పదిహేను రోజుల్లోపే ముగిసింది. ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. వాళ్ళకు సరైన న్యాయవాది లేడని 1932లో సుప్రీం కోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. 1933లో డెకటర్ పట్టణంలో హేవుడ్ ప్యాటర్సన్‌ను మళ్ళీ విచారించినప్పుడు, ఆ ఇద్దరు యువతుల్లో ఒకరైన రూబీ బేట్స్ బోనెక్కి అసలు అలాంటిదేదీ జరగలేదని చెప్పింది. అయినా జ్యూరీ మళ్ళీ మరణశిక్షే అంది. సాక్ష్యం ఆ తీర్పుకు నిలవదని జడ్జి జేమ్స్ హార్టన్ దాన్ని పక్కన పెట్టాడు, మరుసటి ఏడాది ఎన్నికలో జడ్జి పదవి పోగొట్టుకున్నాడు.

నిందితుల లాయరు శామ్యూల్ లీబోవిట్స్ పట్టుకున్న ఆయువుపట్టు జ్యూరీ జాబితా. స్కాట్స్‌బరో ఉన్న జాక్సన్ కౌంటీలో ఒక్క నల్లవాడు జ్యూరీలో కూర్చున్నట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు. ఈ ఆరోపణ వచ్చాక జాబితా పుస్తకం తెరిస్తే నల్లవారి పేర్లు కొన్ని కనిపించాయి. అవి తర్వాత ఇరికించిన పేర్లని చేతిరాత నిపుణుడు చెప్పాడు. కేసు సుప్రీం కోర్టుకు చేరినప్పుడు లీబోవిట్స్ ఆ పుస్తకాన్నీ ఒక భూతద్దాన్నీ న్యాయమూర్తుల ముందుంచాడు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఆ పేర్లను భూతద్దంలో చూశారు. 1935 ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూజ్ తీర్పు చెప్పాడు: జ్యూరీ జాబితాల నుంచి నల్లవారిని పద్ధతి ప్రకారం దూరం పెట్టారు, కాబట్టి క్లారెన్స్ నారిస్‌కు పడిన శిక్ష చెల్లదు. అదే ఏడాది చివర లండన్‌లో లార్డ్ డి క్లిఫర్డ్‌ను సాటి ప్రభువులు విచారించి పంపించేశారు. ఒకే ఏడాదిలో ఒకే మాట రెండు చోట్ల వినిపించింది. ప్రభువుకు అడగకుండానే సాటివారు దొరికారు. కూలి కుర్రాడికి సాటివారి పేర్లు దొంగరాతగా దొరికాయి.

తీర్పు వచ్చింది గాని బాధ తీరలేదు. 1936లో ప్యాటర్సన్‌ను మళ్ళీ విచారించిన జ్యూరీ కూడా తెల్లదే. ఈసారి డెబ్బై అయిదేళ్ళ జైలు శిక్ష వేసింది. 1937లో నలుగురి మీద కేసులు ఎత్తేశారు. నారిస్‌కు క్షమాభిక్ష దక్కింది 1976లో. చివరి ముగ్గురికి 2013లో దక్కింది, అప్పటికి వాళ్ళెవరూ బతికి లేరు.

స్కాట్స్‌బరో అలజడి నడుస్తున్న రోజుల్లో అలబామాలోని మన్రోవిల్ అనే చిన్న పట్టణంలో ఒక లాయరు కూతురు పెరుగుతోంది. ఆమె హార్పర్ లీ. 1960లో ఆమె రాసిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' మరుసటి ఏడాది పులిట్జర్ గెలిచింది. అందులో టామ్ రాబిన్సన్ నల్లవాడు, ఎడమ చెయ్యి చచ్చుబడ్డవాడు. తెల్ల యువతి మీద అత్యాచారం చేశాడని కేసు. ఆమె ముఖం మీది దెబ్బలు ఎడమచేతి వాటం మనిషివని టామ్ లాయరు అట్టికస్ ఫించ్ కళ్ళకు కట్టినట్టు చూపిస్తాడు. అయినా జ్యూరీ దోషి అంటుంది.

ఆ నవల్లో అట్టికస్ మంచితనం గురించి చాలామంది రాశారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది కోర్టు హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది. జ్యూరీ పెట్టెలో ఎండకు కమిలిన తెల్ల రైతులు. నల్లవాళ్ళంతా పైన బాల్కనీలో. ఒకే పైకప్పు కింద, ఒకే విచారణ వింటూ, అందరూ తోటివాళ్ళే. కానీ తీర్పు చెప్పే చోటికి దిగిరాగల సాటి ఒక్కడూ బాల్కనీలో లేడు. కింద పెట్టెలో ఆడవాళ్ళూ లేరు, అలబామా చట్టం వాళ్ళను రానివ్వదు. ఆ నిషేధాన్ని ఫెడరల్ కోర్టు కొట్టేసింది 1966లో. ఆ పన్నెండుమందిలో ఒకడు, అంతకుముందు టామ్‌ను కొట్టి చంపడానికి జైలుకొచ్చిన గుంపులోని వాళ్ళ చుట్టం, మొదట టామ్‌ను వదిలేయాలని పట్టుబట్టాడని తర్వాత తెలుస్తుంది. హార్పర్ లీ నమ్మకం అక్కడ ఉంది: ఒక్కడు మారగలడు, ఇంకొకడూ మారవచ్చు. ఆ నమ్మకం విలువైనదే. కాని మిగతావాళ్ళ మనసు మారేదాకా టామ్ ప్రాణం ఆగలేదు. జైలు నుంచి పారిపోబోతుంటే కాల్చి చంపారు. తెల్లవాడి మనసు మారడం మీద నల్లవాడి బతుకు ఆధారపడటమే అసలు అన్యాయమని నవల తన కథతో చెబుతుంది, తన మాటలతో అంత సూటిగా చెప్పదు. బాల్కనీలోంచి ఇద్దరు కిందికి దిగి పెట్టెలో కూర్చుని ఉంటే ఆ ఒక్కడు ఒంటరివాడయ్యేవాడు కాదు.

నవల రావడానికి అయిదేళ్ళ ముందే చరిత్ర అంతకంటే క్రూరమైన జ్యూరీని చూపించింది. 1955 ఆగస్టులో షికాగో నుంచి మిసిసిపీలోని బంధువుల ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ళ ఎమెట్ టిల్‌ను, కొట్టు నడిపే తెల్ల మహిళతో తప్పుగా ప్రవర్తించాడంటూ ఎత్తుకెళ్ళి చంపారు. సెప్టెంబరులో సమ్నర్ కోర్టులో ఆమె భర్త రాయ్ బ్రయంట్‌నూ, అతని సవతి అన్న జె. డబ్ల్యు. మైలమ్‌నూ విచారించారు. ఆ పిల్లవాడి తాత వరస పెద్దాయన మోజ్ రైట్ నిండు కోర్టులో లేచి నిలబడి, పిల్లవాణ్ణి తీసుకెళ్ళినవాళ్ళు వీళ్ళేనని వేలెత్తి చూపించాడు. ఒక నల్లవాడు అక్కడ అలా చూపించడమంటే ప్రాణానికి తెగించడమే. పన్నెండుమంది తెల్ల మగవాళ్ళు 67 నిమిషాల్లో ఇద్దరూ నిర్దోషులన్నారు. కొన్ని నెలలకే, ఇక మళ్ళీ విచారించే వీల్లేదని తెలిసిన ఆ ఇద్దరూ తామే చంపామని ఒక పత్రిక దగ్గర డబ్బు తీసుకుని చెప్పారు. ఆ కౌంటీలో నల్లవారే ఎక్కువమంది. కానీ జ్యూరీ పేర్లు ఓటర్ల జాబితా నుంచి వస్తాయి, నల్లవారిని ఓటరుగా చేరనివ్వరు. ఓటు లేనివాడు సాటి కాలేకపోయాడు, సాటి కానివాడి బిడ్డకు న్యాయం రాలేదు. వర్డిక్ట్ అంటే నిజంగా పలికినదని అనుకున్నాం. సమ్నర్‌లో నిజం పలికింది మోజ్ రైట్ వేలు.

జాబితాలోకి పేర్లు ఎక్కడం మొదలయ్యాక తొలగింపు మరో దారి పట్టింది. జ్యూరీకి పిలిచినవారిలో కొందరిని కారణం చెప్పకుండానే వద్దనే హక్కు రెండు పక్షాలకూ ఉంది. దాన్ని పెరెంప్టరీ చాలెంజ్ అంటారు. ఆ మాట లాటిన్ మూలానికి పూర్తిగా తుడిచేయడం, చంపేయడం అనే అర్థాలున్నాయి. 1965లో వచ్చిన స్వెయిన్ కేసులో, అలబామాలోని టల్లడేగా కౌంటీలో సుమారు పదిహేనేళ్ళుగా ఒక్క నల్లవాడు కూడా విచారణ జ్యూరీలో కూర్చోలేదని చూపించినా సుప్రీం కోర్టు కదల్లేదు. 1986లో కెంటకీకి చెందిన జేమ్స్ బాట్సన్ కేసులో కదిలింది. అతని విచారణలో ప్రాసిక్యూటర్ నలుగురు నల్లవారినీ వద్దన్నాడు. ఇకపై జాతి కారణంగా ఎవరినీ తీసేయరాదు, అనుమానం వస్తే కారణం చెప్పాలి అంది కోర్టు. ఆ కోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే, ఈ హక్కును పూర్తిగా ఎత్తేస్తే తప్ప వివక్ష పోదన్నాడు. కారణం అడిగితే కారణం తయారవుతుందని ఆయనకు తెలుసు.

అలాగే తయారయ్యాయి. కళ్ళలోకి చూడలేదు, వయసు తక్కువ, నిందితుడి వీధి పక్కన ఉంటాడు. టిమొతీ ఫాస్టర్ అనే నిందితుడి 1987 విచారణలో ప్రాసిక్యూటర్లు వాడిన కాగితాలు రెండు దశాబ్దాల తర్వాత బయటికొచ్చాయి. నల్లవారి పేర్ల మీద ఆకుపచ్చ రంగు పూసి, పక్కన బి అనే అక్షరం రాసుకున్నారు. 2016లో సుప్రీం కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. మిసిసిపీలో కర్టిస్ ఫ్లవర్స్‌ను ఒకే హత్యల కేసులో ఒకే ప్రాసిక్యూటర్ ఆరుసార్లు విచారించాడు. ఆ ఆరింట్లో కలిపి తాను వద్దనగలిగిన 42 మంది నల్లవారిలో 41 మందిని వద్దన్నాడు. 2019లో సుప్రీం కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది, 2020లో కేసే ఎత్తేశారు. అప్పటికి ఆయన జైల్లో గడిపింది ఇరవై ఏళ్ళకు పైనే. హార్పర్ లీ సొంత ఊరు మన్రోవిల్‌లో కూడా, నవల వచ్చిన పాతికేళ్ళకు పైగా గడిచాక, వాల్టర్ మెక్‌మిలియన్ అనే నల్లవాణ్ణి ఒక తెల్ల యువతి హత్య కేసులో పట్టుకుని, విచారణ కాకముందే మరణశిక్ష ఖైదీల మధ్య పెట్టారు. హత్య జరిగిన వేళ ఆయన ఇంటి దగ్గరే ఉన్నాడని చెప్పిన నల్లజాతి సాక్షులు ఎందరో. పదకొండుమంది తెల్లవారూ ఒక నల్లవారూ ఉన్న జ్యూరీ దోషి అంది. యావజ్జీవం చాలన్న జ్యూరీ మాటను కూడా కాదని జడ్జి మరణశిక్ష వేశాడు. న్యాయవాది బ్రయన్ స్టీవెన్సన్ వాదనతో 1993లో ఆయన బయటపడ్డాడు. తమ ఊరి నవలను చూసుకుని గర్వపడే పట్టణంలోనే ఈ కేసు పుట్టింది.

సాటివారు అనే మాటను బాధితులే చేతిలోకి తీసుకున్న సందర్భం ఒకటుంది. 1971లో లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో తొమ్మిదిమంది నల్లజాతి ఉద్యమకారులను అల్లర్ల కేసులో విచారించారు. మాంగ్రోవ్ అనే తమ హోటల్ మీద పోలీసులు పదేపదే చేసిన దాడులకు నిరసనగా ఊరేగిన వాళ్ళు వాళ్ళు. ఫ్రాంక్ క్రిచ్లో, డార్కస్ హౌ, అల్తియా జోన్స్ లకాయింట్ వారిలో ఉన్నారు. మాగ్నా కార్టా మాకూ వర్తిస్తుంది, మా సాటివారు నల్లవారు, కాబట్టి మా జ్యూరీ నల్లవారితో ఉండాలి అని వాళ్ళు అడిగారు. జడ్జి ఒప్పుకోలేదు. అప్పుడు వాళ్ళు తమకున్న హక్కుతో 63 మందిని వద్దని, చివరికి ఇద్దరు నల్లవారున్న జ్యూరీని సాధించారు. 55 రోజుల విచారణ తర్వాత అల్లర్ల నేరం నుంచి అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. బేరన్ల కోసం పుట్టిన మాట ఏడువందల యాభై ఏళ్ళ తర్వాత నల్లజాతి ఉద్యమకారుల నోట సరైన అర్థంతో పలికింది.

నల్లవాణ్ణి నల్లవాడే విచారించాలనడం సాటికి అసలర్థమా? కాదని నా ఉద్దేశం. అలా అంటే ప్రభువును ప్రభువే విచారించాలన్న చోటికే తిరిగి చేరతాం. నాలుకలో సగం అన్న పాత పేరులోనే సరైన అర్థం ఉంది. తీర్పు చెప్పే గదిలో ఎవరి బతుకూ పరాయిదిగా మిగలకూడదు. పోలీసు పిలిస్తే ఒక నల్ల కుర్రాడు ఎందుకు వణుకుతాడో ఆ పన్నెండుమందిలో ఎవరికో ఒకరికి ఒంటితో తెలిసి ఉండాలి. మిగతావాళ్ళు వాళ్ళ మాట వినాలి. సాటితనమంటే ఒకేలా ఉండటం కాదు, ఒకరి మాటకు ఇంకొకరి మాటతో సమానమైన బరువు ఉండటం. కారణం చెప్పకుండా తొలగించే హక్కు ఉన్నంతకాలం ఆ బరువు సమానం కాదు. మార్షల్ కోరినట్టు పెరెంప్టరీ చాలెంజ్‌ను పూర్తిగా ఎత్తేసిన తొలి అమెరికా రాష్ట్రం అరిజోనా, 2022 జనవరి నుంచి. మిగతా రాష్ట్రాలు ఆ దారి పట్టాలి.

మన దేశంలో 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో నేర విచారణల్లో జ్యూరీ పూర్తిగా పోయింది. అయినా ఈ ప్రశ్న తెలుగువారికి దూరం కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులు తెల్లవారు కారని తేల్చి పౌరసత్వానికి పనికిరారంది. పౌరసత్వం లేనివాడికి జ్యూరీ పెట్టెలో చోటు లేదు. 1946లో చట్టం మారాకే ఆ తలుపు తెరుచుకుంది. ఈ రోజు డాలస్‌లో, అట్లాంటాలో, న్యూజెర్సీలో పౌరసత్వం తీసుకున్న వేలాది తెలుగువారి ఇళ్ళకు జ్యూరీ సమన్లు వస్తున్నాయి. సెలవు దొరకదనో, మనకెందుకనో తప్పించుకునే దారి వెతకడం మనవాళ్ళలో వినిపిస్తూనే ఉంటుంది. అలా తప్పించుకోవద్దని నా విన్నపం. ఆ సమన్లు వచ్చేలా చేయడానికి స్ట్రాడర్, నారిస్, బాట్సన్ వంటివారు తమ కేసుల్లో ప్రాణాలూ జీవితాలూ పణంగా పెట్టారు. వెళ్ళండి, పెట్టెలో కూర్చోండి. బోనులో నిలబడ్డవాడి రంగు ఏదైనా, అతని మాటను మీ ఇంటివాడి మాట విన్నంత శ్రద్ధగా వినండి.